సచ్చిన మాను చిగురేస్తుందా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ప్రతి ఏడూ డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు, ఇవే మాట్లాడుకుంటున్నాం. ఈసారి మీరు ఇంకో విషయం మీద అరగంట మాట్లాడాలి" అన్నారు. జీవితమంతా నోట్ ఫైళ్ళు రాసి, జీవోలు చదివినవాడికి ఇంకో విషయం ఏముంటుంది అన్నాను. "మనవరాలికి బోటనీ చదివిస్తున్నారట కదా, అదే చెప్పండి" అన్నారు. నిజానికి నేను చదివించడం లేదు. అది ఇంటర్ బైపీసీ చదువుతోంది. పాఠం నాకు అప్పచెబుతుంది, నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. అలా కూర్చుని కూర్చుని, డెబ్బై దాటిన తరువాత నాకు చెట్టు గురించి నాలుగు ముక్కలు తెలిశాయి. ఆ నాలుగు ముక్కలు నలభై ఏళ్ళ ముందే తెలిసి ఉంటే ఒక చెట్టు బతికేది. ఆ సంగతి మొదట మనవి చేసి, తరువాత పాఠంలోకి వస్తాను.

అది 1978. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు చోట్లా నేను పనిచేశాను. వాటిలో ఏ ఆఫీసు అన్నది ఇప్పుడు అనవసరం, తప్పు నాది గనుక. ఒక పల్లెలో దారి పక్కన పాత చింతమాను ఉండేది. దాన్ని తొలగించాలని ఒక అర్జీ వచ్చింది. మాను లోపల బోలుగా ఉందనీ, ఇద్దరు మనుషులు అందులో కూర్చోవచ్చుననీ కరణం రిపోర్టు. నేను ఫైలు పుటప్ చేస్తూ, "చెట్టు లోపల పూర్తిగా నశించి, జీవం లేక, ప్రమాదకరముగా నున్నది. తొలగించుటకు అనుమతించవచ్చును" అని నోట్ రాశాను. ఆ ఊరు మా ఆఫీసుకు ఆరు మైళ్ళు. నేను పోయి చూడలేదు. నోట్ మీద సంతకాలు పడ్డాయి, ఉత్తర్వు పోయింది, చెట్టు పడింది.

వారం తరువాత ఒక అవ్వ ఆఫీసుకు వచ్చింది. ఆ చెట్టు ఫలసాయం ఏటా వేలంలో పాడుకునేది వాళ్ళే. కాయ రాల్చి, పెంకు కొట్టి, గింజ తీసి, పండు పుంగనూరు సంతకు తెచ్చి అమ్ముకునేవారు. అవ్వ కొంగులోంచి ఒక కొమ్మ తీసి నా బల్ల మీద పెట్టింది. నిండా లేత చిగురు. "సామీ, సచ్చిన మాను ఇంత చిగురేస్తాదా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. నాకు జవాబు తెలియలేదు. "ఆర్డరు అయిపోయిందవ్వా" అన్నాను. ఆ మాట అనడం మనకందరికీ బాగా వచ్చు.

ఇక పాఠంలోకి వస్తాను. నేల మీద మొదట వచ్చిన పచ్చటి మొక్కలు చాలా చిన్నవి. వానాకాలంలో మన ప్రహరీ గోడ మీద మెత్తగా పరుచుకునే పచ్చనాచును చూడండి, అది ఎప్పటికీ బెత్తెడు ఎత్తు పెరగదు. కారణం, దానికి లోపల గొట్టాలు లేవు. నీరు ఒక కణం నుంచి పక్క కణానికి చెమ్మలాగా పాకాలి. సుమారు 42, 43 కోట్ల ఏళ్ళ కిందట కొన్ని మొక్కల్లో నీటి గొట్టాలు ఏర్పడ్డాయి. అప్పటి నుంచే మొక్క నేల విడిచి పైకి లేచింది. వరి పైరు, వేపచెట్టు, హార్స్‌లీ కొండ మీది నీలగిరి చెట్టు, అన్నీ ఆ వంశమే. వీటిని నాళికా మొక్కలు అంటారు.

ఏ నాళికా మొక్కను తీసుకున్నా అవయవాలు మూడే: వేరు, కాండం, ఆకు. కణజాలాలు కూడా మూడు రకాలే. పైన చర్మం లాంటి పొర ఒకటి. లోపల ఖాళీలు నింపుతూ, ఆహారం చేస్తూ, నిల్వ పెడుతూ ఉండే మెత్తటి భాగం ఒకటి. రవాణా చేసే గొట్టాలు మూడోది. ఆ గొట్టాల్లోనూ రెండు రకాలున్నాయి. నీటిని, ఖనిజ లవణాలను వేరు నుంచి పైకి తీసుకుపోయేది దారువు. ఇంగ్లీషు మీడియం పిల్లలు జైలం అంటారు. ఆకు తయారు చేసిన చక్కెరను కావలసిన చోటికి, ముఖ్యంగా కిందికి వేళ్ళకు, చేర్చేది పోషక కణజాలం. దాన్ని ఫ్లోయం అంటారు. ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇన్‌వార్డు ఒకటి, డిస్పాచ్ ఒకటి.

మదనపల్లె వాళ్ళకు టమోటా గురించి నేను చెప్పనక్కరలేదు. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటినప్పుడు దేశమంతా మన మార్కెట్ యార్డు వైపే చూసింది. ఆ టమోటా తోటలోకి పోదాం. ఎండాకాలం మధ్యాహ్నం మొక్క కాస్త వాలి, సాయంత్రానికి మళ్ళీ లేస్తుంది. ఎందుకు? ఆకు అడుగున కంటికి కనిపించని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలోంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. వేళ్ళు పీల్చిన నీటిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఇలా గాలిలోకే పోతుంది. అది దుబారా కాదు. పైన ఒక బొట్టు ఆవిరైతే దాని వెనకనున్న బొట్టు పైకి లాగబడుతుంది. నీటి బొట్లు ఒకదాన్నొకటి పట్టుకుని, వేరు దాకా ఒకే దారంలాగా ఉంటాయి. 1894లో ఐర్లండులో డిక్సన్, జోలీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతి ప్రతిపాదించారు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. కాలిఫోర్నియాలో సుమారు 115 మీటర్ల ఎత్తున్న రెడ్‌వుడ్ చెట్టు కొనకు కూడా నీరు ఈ పద్ధతిలోనే ఎక్కుతుంది.

ఇంకో విచిత్రం. ఆ నీటి గొట్టాలు ప్రాణం ఉన్నవి కావు. కణం ఒకటి పుడుతుంది, సాగుతుంది, గోడలు గట్టి చేసుకుంటుంది, ఆ తరువాత చనిపోతుంది. లోపల ఖాళీ అయినప్పుడే అది గొట్టంగా పనికివస్తుంది. ఆ గొట్టం మూసుకుపోతే ఏమవుతుందో టమోటా రైతు ఎరుగును. ఒక రకం ఎండు తెగులులో బాక్టీరియా వేరు ద్వారా ప్రవేశించి దారువులో నిండిపోతుంది. మడిలో నీరు నిలిచి ఉన్నా మొక్క పచ్చగానే వాలిపోతుంది, సాయంత్రమైనా లేవదు. అలాంటి మొక్క కాండం కోసి, మంచినీళ్ళున్న గాజు గ్లాసులో మొన మునిగేటట్టు పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి తెల్లటి ధార సన్నగా కిందికి జారుతుంది. మా మనవరాలు నాకు చేసి చూపించింది. రోగమేమిటో కళ్ళకు కనబడింది.

ఇప్పుడు కుప్పం. కుప్పంలో మేము అద్దెకున్న ఇంటి పెరట్లో ఒక కొబ్బరిచెట్టు ఉండేది. బట్టలు ఆరవేయడానికి నేను దాని చుట్టూ ఇనుప తీగ బిగించి కట్టాను. ఏళ్ళు గడిచినా తీగ అలాగే ఉంది, చెట్టుకు ఏ హానీ లేదు. చెట్టు పొడుగు పెరిగింది గాని, తీగ మాత్రం నేను కట్టిన ఎత్తులోనే ఉంది. చెట్టుతో పాటు తీగ కూడా పైకి పోతుందని మా ఇంట్లో వాళ్ళు అనుకున్నారు. పోదు. ఏ చెట్టయినా పొడుగు పెరిగేది కొమ్మల కొసల్లో, వేళ్ళ కొసల్లో మాత్రమే. కొత్త కణాలు పుట్టించే విభాజ్య కణజాలం అక్కడే ఉంటుంది. కొబ్బరికి అలాంటి కొస పైన ఒకటే ఉంది, దాన్నే మొవ్వు అంటాం. మొవ్వు కుళ్ళితే చెట్టు మొత్తం పోయినట్టే.

తరువాత మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నాం. 1985లో వాకిట వేపమొక్క నాటాను. అది ఎదిగి తొడంత అయినాక, కుప్పం అనుభవంతో, దానికీ అదే రకం తీగ కట్టాను. నాలుగైదేళ్ళకు తీగ కనబడలేదు. చెట్టు దాన్ని మింగేసింది. తీగకు పైన మాను ఉబ్బింది, కింద సన్నగానే ఉండిపోయింది. మేము వింతగా చూశామే గాని విప్పలేదు. ఆపైన ఏళ్ళలో ఆకు పలచబడింది, కొమ్మలు ఎండుతూ వచ్చాయి, ఒక వేసవిలో చెట్టు పోయింది. చెద పట్టిందని అనుకున్నాం. పట్టింది చెద కాదు, నేను కట్టిన తీగ.

కొబ్బరికి కాని హాని వేపకు ఎందుకయింది? కొబ్బరి, ఈత, అరటి, వరి, ఇవన్నీ ఏకదళబీజాలు. వీటి కాండంలో గొట్టాల కట్టలు అక్కడక్కడా చెదిరి ఉంటాయి. కొబ్బరి మాను మొదట్లో ఎంత లావుకు వచ్చిందో దాదాపు అంతే లావుగా నిలుస్తుంది. ఎక్కడానికి గొడ్డలితో మెట్లు నరికితే ఆ గాట్లు ఎప్పటికీ పూడవు. వేప, చింత, మామిడి, టమోటా ద్విదళబీజాలు. వీటిలో గొట్టాలు వలయంగా అమరి ఉంటాయి. చెట్లలో బెరడుకు, కట్టెకు నడుమ ఒక సన్నటి పొర మానంతా చుట్టుకుని ఉంటుంది. దాని పేరు కాంబియం. కాగితం మందం కూడా ఉండదు. వానాకాలంలో పచ్చి కొమ్మ పట్ట ఒలిస్తే జిగటగా తగులుతుందే, అక్కడ ఉన్నదది. ఈ పొర లోపలివైపు కొత్త దారువును, బయటివైపు కొత్త పోషక కణజాలాన్ని పుట్టిస్తూ ఉంటుంది. చెట్టు లావు కావడమంటే ఇదే. మామిడి అంటు కట్టేవాడు రెండు కొమ్మల్లో ఈ పొరనూ ఆ పొరనూ ఆనించి కడతాడు. ఆనితే అంటు బతుకుతుంది, లేకపోతే లేదు.

నేను తీగ కట్టింది బెరడు మీద. బెరడు లోపలి భాగంలోనే ఆకు నుంచి వేరుకు తిండి పోయే దారి ఉంది. మాను లావు అయ్యేకొద్దీ తీగ ఆ దారిని నొక్కేసింది. చక్కెర కిందికి దిగలేక పైన ఉబ్బు వచ్చింది. కింద వేళ్ళు పస్తులున్నాయి. నీటి దారి కట్టెలో ఉంది కనుక కొన్నాళ్ళు ఆకు పచ్చగానే కనబడింది. అందుకే మనకు అనుమానం రాదు. పదిహేడవ శతాబ్దంలో ఇటలీలో మాల్పీగీ అనే వైద్యుడు బెరడును ఉంగరంలా తీసి ఈ ఉబ్బునే గమనించాడు. కుప్పం, పలమనేరు అడవుల్లోకి 1980లలో ఏనుగులు వచ్చాయి. ఏనుగు చెట్టు పట్ట ఒలిచి తింటుంది. ఒక పక్క ఒలిస్తే చెట్టు కోలుకోగలదు, చుట్టూ ఒలిస్తే బతకడం కష్టం. అదే ఉంగరంతో మేలూ ఉంది. దానిమ్మ కొమ్మకు బెరడు ఉంగరంలా తీసి, తడి నాచు పెట్టి కడితే, దిగివచ్చే తిండి అక్కడ ఆగి వేళ్ళు పుడతాయి. గాలి అంటు అంటే అదే.

చివరికి పుంగనూరుకు వస్తాను. పుంగనూరు అంటే లోకమంతా పొట్టి ఆవులు అంటుంది. మనం చింతపండు కూడా అంటాం. కోసిన చింత దుంగను వడ్రంగి దగ్గర చూడండి. బయటి భాగం తెల్లగా ఉంటుంది, నడిమి భాగం నల్లగా, రాయిలాగా ఉంటుంది. ఆ నడిమి భాగాన్నే మన పెద్దలు చేవ అన్నారు. చేవ ఉన్న మనిషి, చేవ లేని మాట అంటున్నామే, ఆ మాట ఈ కట్టె నుంచి వచ్చిందే. నీరు ఎక్కేది బయటి తెల్లచెక్కలోనే. ఏటేటా కాంబియం కొత్త కట్టెను పైన చేరుస్తూ ఉంటే, పాతది లోపలికి పడిపోతూ ఉంటుంది. అక్కడ బతికున్న కణాలు తమ నిల్వలను ఖర్చు చేసి, పురుగును, బూజును ఆపే రంగు పదార్థాలను నింపి, చనిపోతాయి. గొట్టాలు మూసుకుపోతాయి. మన శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలు కొట్టేది ఆ చేవ కోసమే. దాని తెల్లచెక్కకు ఆ ఎరుపూ లేదు, ఆ వెలా లేదు.

అంటే ఏమిటి? చేవలో నీటి రవాణా లేదు, తిండి లేదు, ప్రాణం లేదు. అందుకే వయసు మళ్ళిన చెట్టులో బూజు ప్రవేశించి చేవను తినేసినా, చుట్టూ తెల్లచెక్క, కాంబియం, బెరడు ఉన్నంతకాలం చెట్టు బతికే ఉంటుంది, చిగురిస్తుంది, కాస్తుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చాలామంది చూసే ఉంటారు. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ చెట్టు సుమారు ఐదెకరాలు కమ్ముకుని ఉంది. కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలను తాకి, వాటిలోనూ కాంబియం పనిచేసి, ఒక్కొక్కటీ మానై నిలబడింది. మొదటి మాను ఏదని వెతికే పని లేదు.

అయితే బోలు మాను అన్నిటినీ వదిలేయమని నేను అనడం లేదు. చుట్టూ మిగిలిన గోడ మందంగా ఉంటే బోలు మాను కూడా గట్టిగానే నిలుస్తుంది. గోడ పలచబడినా, పగిలినా, వేళ్ళు కుళ్ళినా పడుతుంది, మనుషుల మీద పడుతుంది. ఏది ఏదో చెట్టు దగ్గరికి పోయి, తట్టి, కొమ్మల కొసలు చూసి చెప్పాలి. బల్ల దగ్గర కూర్చుని చెప్పేది కాదు. నేను చేసింది అదే. నా నోట్‌లో "బోలుగా నున్నది" వరకు నిజం. "జీవం లేక" అన్నది నేను కల్పించిన మాట. ఆ ఒక్క మాట కోసం ఆరు మైళ్ళు పోయి ఉంటే చాలు.

ఈ సందర్భంగా మూడు మనవులు. మన సంఘం ఆవరణలో ఉన్న వేపచెట్టుకు ఫ్లెక్సీల కోసం కట్టిన తీగలు మూడు ఉన్నాయి. సభ ముగిసినాక నేను కటింగ్ ప్లయర్ తెచ్చాను, చేయి సాయం చేసేవారు ఉంటే ఇవాళే విప్పేద్దాం. రెండోది, దాని మొదలు చుట్టూ మానును ఆనుకుని సిమెంటు పోశాం. కనీసం రెండు మూరలు పగలగొట్టి మట్టి వదిలితే వేళ్ళకు నీరు, గాలి అందుతాయి. మూడోది, మీ ఊళ్ళో పాత మాను కొట్టేయాలని ఎవరైనా అంటే, ముందు తలెత్తి దాని చిగురు చూడండి. మన పిల్లలు ఇప్పుడు ఆఫీసుల్లో ఉన్నారు, వాళ్ళకూ చెప్పండి.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మనం రిటైరైనవాళ్ళం కనుక చేవలాంటి వాళ్ళమని, చెట్టును మోసేది మనమేనని నేను పొగుడుకుంటే మీరు చప్పట్లు కొడతారు. కానీ పాఠం పూర్తిగా చదివితే అంత సులువు కాదు. చేవ పోయినా చెట్టు బతుకుతుంది, పై పొర పోతే బతకదు. ఆ పై పొర మన పిల్లలు, మనవలు. చేవ కూడా ఒకప్పుడు పై పొరే, నీరు మోసిందే. ఆ సంగతి మనకు తెలిస్తే చాలు. ఉన్నంతకాలం గట్టిగా నిలబడదాం, పై పొరకు తీగ కట్టకుండా ఉందాం.

ఆ అవ్వ నేను ఆ ఊరు వదిలినాక మళ్ళీ కనబడలేదు. ఇన్నేళ్ళకు జవాబు దొరికింది గనుక, వినడానికి ఆమె లేకపోయినా మీ ఎదుట చెప్పుకుంటున్నాను. "లేదవ్వా, సచ్చిన మాను చిగురు వేయదు. ఆ మాను బతికే ఉండింది. నేను చూడకుండా రాసినాను."